ఆయన చెప్పుకున్న పేరు

రిటైరయ్యాక నన్ను అప్పుడప్పుడు జర్నలిజం చదివే పిల్లల ముందు కూర్చోబెడుతున్నారు. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు లేచి, "మేడం, మీ కెరీర్‌లో పెద్ద స్కూప్ ఏది?" అని అడుగుతారు. అందరికంటే ముందు పట్టుకున్న, చెప్పుకోదగ్గ స్కూపులు నా దగ్గర లేవు. ఒక పేరు అచ్చులో రాకుండా చూడటానికి ఒక సాయంత్రమంతా పోట్లాడి, అదే పేరు అచ్చు వేయించడానికి మర్నాడంతా పోట్లాడిన సంగతి మాత్రం ఒకటుంది. మీలో ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు అదే ఎక్కువ పనికొస్తుందని చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. భద్రాచలంలో ఒక దినపత్రికకు నేను స్టాఫ్ రిపోర్టర్‌ని. మాది వేంసూరు మండలం, వరీ చెరకూ పండించే ఇల్లు. అడవి పోస్టింగుకి మగవాళ్లెవరూ ఒప్పుకోకపోవడం వల్ల అది నాకు దక్కింది. మహిళలకు పెద్ద బాధ్యతలు ఇస్తున్నామని మా పత్రిక మాత్రం గొప్పగా రాసుకుంది.

అప్పట్లో భద్రాచలం దాటితే సెల్‌ఫోన్ పలికేది కాదు. దుమ్ముగూడెం, పర్ణశాల వైపు అడవి గూడేల్లో పోలీసులు తిరిగేవారు, ఊళ్లో జనం 'అన్నలు' అని పిలిచే సాయుధ దళాలూ తిరిగేవి. ఇద్దరి మధ్యా కోయ పల్లెలు బతికేవి. వీళ్లకు అన్నం పెట్టావని వాళ్లూ, వాళ్లకు దారి చూపావని వీళ్లూ నిలదీసేవారు. 'ఇన్‌ఫార్మర్' అన్న మాట ఒకసారి ఎవరిమీద పడిందా, ఆ మనిషి ఇంట్లోవాళ్లు అప్పటినుంచే ఏడవడం మొదలుపెట్టేవారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పోలీసు ఆఫీసులో ప్రెస్‌మీట్ పెట్టారు. బల్లమీద దుప్పటి పరిచి తుపాకులు, వైర్ల చుట్టలు, మట్టి అంటిన సంచులు పేర్చారు. అడవిలో పాతిపెట్టిన ఆయుధాలు దొరికాయని చెప్పడానికి కొత్తగా వచ్చిన అధికారి మమ్మల్ని పిలిపించాడు. చిన్న వయసు, చురుకైన మనిషి. ఎక్కడ దొరికాయో, ఎలా తవ్వారో చక్కగా చెప్పుకొచ్చాడు. చివర్లో కాగితం పక్కన పెట్టి నవ్వాడు.

"ఇదంతా మా గొప్ప కాదు. ఫలానా గూడేనికి చెందిన యువకుడు మాకు చోటు చూపించాడు," అని ఊరి పేరు, ఆ యువకుడి పేరు, తండ్రి పేరు కూడా చెప్పాడు. "జనం మావైపు వస్తున్నారనడానికి ఇంతకన్నా ఏం కావాలి?"

పక్కనున్న పెన్నులన్నీ కదిలాయి. నాది కదల్లేదు. "సార్, ఆ పేరు మేం తెలుసుకోవడానికి చెప్పారా, రాయడానికా?" అని అడిగాను.

"రాయండి మేడం. అలాంటి ధైర్యవంతుడి గురించి నలుగురికీ తెలియాలి."

"మీరు తన పేరు చెబుతున్నట్టు ఆయనకు తెలుసా?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "పక్క గదిలో భోజనాలున్నాయి, అందరూ తిని వెళ్లండి," అన్నాడు.

నేను తినకుండానే వచ్చేశాను. బస్టాండు దగ్గర మేమంతా చేరే టీ కొట్టు ఒకటుండేది. భోజనాలు ముగించుకుని ఒక్కొక్కరే అక్కడికొచ్చారు. అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఆయుధాలు దొరికిన వార్త రాద్దాం, పోలీసులు చెప్పినవన్నీ రాద్దాం, ఆ ఒక్క పేరూ, ఊరూ వదిలేద్దాం. వాదిస్తారనుకున్నాను. పెద్దగా ఎవరూ వాదించలేదు. ఆ అడవిలో మా అందరికీ చుట్టాలో స్నేహితులో ఉన్నారు. కొందరు సరేనన్నారు, కొందరు తల ఊపారు.

ఒక్కాయన టీ గ్లాసు పట్టుకుని కింద చూస్తున్నాడు. మాకంటే ఎక్కువ అమ్ముడయ్యే పత్రిక రిపోర్టరు, మా అందరికంటే సీనియర్. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని.

"నేను పంపిన చెల్లే," అన్నాడు. "ఆఫీసు నుంచి ఇటు వస్తనే ఫ్యాక్స్ కొట్టిన."

"పేరుతోనా?"

"పేరుతోనే. నా సొంత కవిత్వం కాదు గదా? ఆయన అందరి ముందట చెప్పిండు. 'పోలీసులు తెలిపారు' అని రాసిన. గిండ్ల తప్పేంది?"

 మాకు నేర్పిన సూత్రాలన్నీ ఆయన పాటించాడు. ఉన్నది రాశాడు. ఎవరన్నారో రాశాడు. అన్నది బాధ్యత గల అధికారి. కోర్టుకెళ్లినా ఆ వార్తలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వంక లేని వార్త కూడా మనిషిని చంపగలదని ఆ టీ కొట్టులో కూర్చునే నాకు మొదటిసారి అర్థమైంది.

"అన్నా, రేపు వాళ్లొచ్చి ఆ పిల్లాణ్ని తీసుకెళితే, 'పోలీసులు తెలిపారు' అన్న మాట అడ్డం పడుతుందా?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి వెళ్లాడు. అద్దంలోంచి ఆయన చెయ్యి పైకీ కిందికీ ఊగడం కనిపిస్తోంది. తిరిగి వచ్చేసరికి మొహం వాడిపోయింది.

"తీసెయ్యమన్న. తియ్యరంట. పేరుతోనే హెడ్డింగ్ పెట్టిన్రట, 'గిరిజన యువకుడి సాహసం' అని. చాన్నాళ్లకు మంచి వార్త పంపినవని మెచ్చుకున్నరు గూడ," అని చిత్రంగా నవ్వాడు.

అంతకుముందే ఒక పెద్ద వార్త జారిపోయిందని వాళ్ల ఆఫీసు ఆయనకు మెమో ఇచ్చింది. ఆ సంగతి మాకందరికీ తెలుసు. అందుకే ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం ఖమ్మంలోని మా ఎడిషన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఇన్‌చార్జి గోదావరి జిల్లాల మనిషి, చాదస్తుడే కానీ పని తెలిసినవాడు.

"ఏమ్మా, నీ కాపీలో ఆ చోటు చూపించినాయన పేరు మిస్సయింది."

"మిస్సవలేదండీ. తీసేశాను."

"వాళ్ల పేపర్లో పేరుతో సహా వస్తోందంట. రేపొద్దున్న నన్ను హైదరాబాదు నుంచి కడిగేస్తారు. పేరు లేకుండా అదేం వార్తమ్మా?"

"ఆ పేరు వెయ్యాలంటే ఆయన్ని అడగాలి. అడగడానికి ఇవాళ నాకు వీలు కాలేదు. అడగని పేరు నేను పంపను."

"పోలీసులే చెప్పాక మనం అడిగేదేంటి?"

"పోయే ప్రాణం పోలీసులది కాదు కదండీ."

ఆయన ఇంకేదో అనబోయేలోపు నేనే మళ్లీ అన్నాను. "డెస్కులో ఎవరైనా ఆ పేరు చేరిస్తే రేపటినుంచి భద్రాచలం వార్తలు వాళ్లే రాసుకోవాలి."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. ముందే చెబుతున్నాను."

ఆయన విసురుగా ఫోన్ పెట్టేశాడు. కానీ పేరు వెయ్యలేదు. ఆ ఒక్క పనికే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మా పేపర్లో రాకపోయినంత మాత్రాన ఏం లాభం? పెద్ద పత్రికలో పొద్దున్నే వచ్చేస్తుంది. మొదటి బస్సులో దుమ్ముగూడెం, పర్ణశాల చేరుతుంది. అక్కణ్నుంచి మాట అడవిలోకి వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. కనీసం ఆ వార్త ఆ యువకుడికి ముందుగా మా నోటితో తెలియాలి. ఆయన ఏం చేసుకుంటాడో ఆయన ఇష్టం.

తెల్లవారుతుండగా బస్టాండుకి వెళ్లాను. ఖమ్మం నుంచి వచ్చిన జీపులోంచి పేపర్ కట్టలు దించుతున్నారు. నా స్కూటీ స్టాండు వేస్తుంటే వెనక మోటారు సైకిల్ ఆగింది. సీనియర్ అన్న. కళ్లు చూస్తే ఆయన కూడా నిద్రపోలేదని తెలుస్తోంది.

"నువ్వు పోతవని నాకెరికే. నీ స్కూటీ ఆ బాటల నడవదు. నా బండెక్కు," అన్నాడు.

ఒక కట్టలోంచి తన పేపర్ లాగి తెరిచి చూపించాడు. జిల్లా పేజీలో పైన, పెద్ద అక్షరాల్లో, ఆ పేరు. ఆయన దాన్ని మడిచి చొక్కాలో పెట్టుకుని, కట్టలవైపు చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఏజెంటు మనోడే చెల్లే. అటువైపు పోయే కట్టలు ఇయ్యాల దింపిచ్చి పక్కకు పెట్టిద్దామా?"

నిజం చెప్పాలంటే నా మనసు కూడా ఊగింది. కానీ తల అడ్డంగా ఊపాను. "ఇక్కడ ఆపుతాం. మిగతా జిల్లా అంతా చదువుతుంది. అదీగాక పేపర్ ఆపడం ఒకసారి మనమే మొదలుపెడితే, రేపు మనకు నచ్చనివాళ్లు మన పేపర్ ఆపినప్పుడు ఏం మాట్లాడతాం? బండి తియ్యి."

ఆయన కిక్ కొట్టాడు. గోదావరి పక్కనుంచి దుమ్ముగూడెం మీదుగా వెళ్లాం. పర్ణశాలలో గుడి ముందు కొట్లు ఇంకా తెరవలేదు. అక్కడినుంచి అడవి బాట పట్టాక ఇసుకలో బండి కూరుకుపోయేది. నేను దిగి నెట్టేదాన్ని. మధ్యలో వాగు. ఎండిపోయింది కాబట్టి సరిపోయింది. దారిపొడవునా ఆయన తను రాసిన వార్తను తనే దాటిపోవాలన్నట్టు బండి తోలాడు.

గూడెం చేరేసరికి ఇళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. దళం అప్పటికే వచ్చిందేమో అనుకున్నాం. ఒక గుమ్మంలో ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు రాదు, మాకు కోయ భాష రాదు. సైగలు చేసి అడిగితే అడవివైపు చెయ్యి చూపించి, నేల మీదనుంచి ఏదో ఏరుతున్నట్టు వేళ్లు కదిపింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇప్పపువ్వు రాలే కాలం. ఊరంతా తెల్లవారకముందే ఇప్పచెట్ల కిందికి వెళ్లిపోతుంది.

పూల వాసన పట్టుకునే వెళ్లాం. చెట్ల కింద ఆడామగా వంగి పువ్వు ఏరుతున్నారు. పేరు చెప్పి అడగ్గానే అందరూ ఒకవైపు చూశారు. పాతికేళ్లు కూడా ఉండవేమో, సన్నటి మనిషి. మేము పేరుపెట్టి పిలవడంతో బుట్ట కింద పెట్టి వెనక్కి జరిగాడు. పక్కనే అతని భార్య. పాలు తాగే పిల్లను గుడ్డతో వీపుకి కట్టుకుని ఉంది.

"మేం పోలీసులం కాదు. పేపరోళ్లం," అన్నాను. అది విని అతను ఊరట పడినట్టేమీ కనిపించలేదు.

అన్న చొక్కాలోంచి పేపర్ తీశాడు. గొంతు సరిచేసుకుని వార్త మొత్తం చదివాడు. చదివాక, "ఇది నేనే రాసిన తమ్మీ," అన్నాడు.

ఆ యువకుడు పేపర్‌ని చేత్తో పట్టుకోలేదు. దూరంనుంచే చూశాడు. "నా పేరేనా అది?"

"అవ్."

"నేనెవరికి ఏం పట్టియ్యలే సారూ. మొన్న నా ఎద్దు తప్పిపోయింది. వెతుక్కుంట పోతాంటె పోలీసోళ్లు ఎదురైన్రు. వాగు ఏ దిక్కున్నదని అడిగిన్రు. చూపిన. తుపాకులు పట్టుకున్నోళ్లు దారి అడిగితె చూపకుండ ఉంటనా? గంతే. ఆళ్లేం తవ్విన్రో నాకేం ఎరుక?"

భార్య అతనితో కోయలో ఏదో గబగబా అంది. తర్వాత నావైపు తిరిగింది. "అక్కా, ఇప్పుడు వాళ్లు వస్తరా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "రావచ్చమ్మా."

పిల్లను వీపు మీదనుంచి ముందుకు తిప్పుకుని గుండెకు హత్తుకుంది. ఏడవలేదు.

నేను ముందే ఆలోచించుకుని వెళ్లాను. ముగ్గురినీ భద్రాచలం తీసుకెళదాం, తెలిసినవాళ్ల ఇంట్లో కొన్నాళ్లు దాచుదాం అని. అదే చెప్పాను. అతను అడ్డంగా తలూపాడు.

"రాను. నేను పోతె ఏమంటరు? తప్పు చేసిండు గనుకనే పారిపోయిండంటరు. నేను దొరకకపోతె మా అయ్యను అడుగుతరు. మా అన్నను అడుగుతరు. నేనేం చేసిన్నని పోవాలె?"

ఇంతలో చెట్ల కిందనుంచి జనం చేరారు. ఊరి పెద్ద వచ్చాడు. తెల్లటి జుట్టు, భుజం మీద గొడ్డలి. సంగతంతా విని మా ఇద్దర్నీ తేరిపార చూశాడు.

"రాసినోళ్లు మీరే గదా. కాదని గూడ రాయరాదా?"

ఆ ప్రశ్న నా మీదకే వచ్చినట్టనిపించింది. ఖండన రాయాలంటే పేరు మళ్లీ వెయ్యాలి. నిన్నంతా ఆ పేరు రాకూడదని పోట్లాడింది నేనే. అదే చెప్పాను. మళ్లీ రాస్తే పేరు ఇంకా పదిమందికి తెలుస్తుందన్నాను.

"ఒకపాలి బైటపడ్డ పేరు దాచితె దాగుతదా?" అన్నాడు పెద్దాయన. "పోలీసు మాట పేపరుల ఉన్నది. ఈ పిలగాని మాట లేకపాయె. ఏది చదువుతే అదే నమ్ముతరు."

 ఆ యువకుడు తల ఎత్తాడు. "రాయండి. నా పేరుతోనే రాయండి. దారి మాత్రమే చూపిన్నని రాయండి. అడవిల దారి తెల్వక ఎవరడిగిన చూపుతనని రాయండి. రేపు అన్నలు అడిగినా చూపుతనని రాయండి."

"ఆ చివరి మాటకు పోలీసులకు కోపం వస్తుంది," అన్నాను.

"రానీ. అది గూడ నిజమే గదా?"

అతని భార్యను కూడా అడిగాను. ఆ పేరు ఆమె ఇంటిది కూడా కదా. "ఆయన చెప్పినట్టే రాయి అక్కా," అంది. రాస్తే ఏమేం జరగొచ్చో నాకు తోచినవన్నీ చెప్పి మళ్లీ అడిగాను. వాళ్ల మాట మారలేదు.

అక్కడే ఇప్పచెట్టు కింద కూర్చుని రాసుకున్నాను. రాసింది మొత్తం అతనికి చదివి వినిపించాను. ఒక్కచోట ఆపాడు. 'ఆయన మొహంలో భయం కనిపించింది' అని రాశాను.

"భయం అని రాయకు."

"భయం లేదా?"

"ఎందుకుండదు? ఉన్నది. కాని రాయకు. భయపడ్డోణ్ని చూస్తె ఎవలికైన అనుమానం వస్తది."

కొట్టేశాను. చదివి వినిపించకపోతే ఆ మాట అచ్చులోకి వెళ్లిపోయేది.

భద్రాచలం చేరాక నేరుగా పోలీసు అధికారి దగ్గరికి వెళ్లాం. ఒకవైపు మాట రాయడం ఎంత ప్రమాదమో ఆ పొద్దున్నే చూశాం కాబట్టి, ఆయన మాట లేకుండా ఈ వార్త పంపకూడదని దారిలోనే అనుకున్నాం. ఆయన వింటూనే కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"మేం అబద్ధం చెప్పామని రాస్తారా?"

"మీరేం చెప్పారో రాస్తాను. ఆయనేం చెప్పాడో రాస్తాను సార్."

"మీరు ఎవరి తరఫు మేడం?"

"నిన్న మేం మీ మాట వినడానికి వచ్చాం. ఇవాళ ఆయన మాట వినడానికి వెళ్లాం. రెండూ ఒకచోట పెట్టడమే మా పని."

ఆయన కోపం తగ్గలేదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ అన్న ముందుకొచ్చాడు.

"సార్, నిన్న మీ మాట ఒక్కటే రాసిన. అది తప్పయింది. ఇయ్యాల మీరేం చెప్పకపోయినా ఆ పిలగాని మాట రాస్త. చెప్తె రెండూ రాస్త."

అధికారి లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. మా వైపు తిరగకుండానే అడిగాడు. "పెళ్లయిందా అతనికి?"

"పాలు తాగే పిల్ల కూడా ఉంది," అన్నాను.

 ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, ఒక్కో మాటా తూచి చెప్పాడు. తనిఖీల్లో భాగంగానే ఆయుధాలు దొరికాయి. వాగుకి దారి అడిగినప్పుడు ఆ యువకుడు చూపించాడు. అంతకుమించి అతనికి ఎలాంటి సంబంధం లేదు. చెప్పాక, "ఏదీ, ఒకసారి చదవండి," అన్నాడు. చదివాను. తల ఊపాడు. ఆ రోజు భోజనాల మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం ఖమ్మానికి ఫోన్ చేశాను. ఇన్‌చార్జి విని నోరెళ్లబెట్టాడు.

"నిన్న పేరు వద్దన్నావు. ఇవాళ హెడ్డింగులో పేరు కావాలంటున్నావు. నీకేమన్నా అయిందా తల్లీ?"

"నిన్నటిది పోలీసు చెప్పిన పేరండీ. ఇవాళ్టిది ఆయన చెప్పుకున్న పేరు."

"అసలు మన పేపర్లో రానిదానికి మనమెందుకు ఖండన వెయ్యాలి? తప్పు చేసింది వాళ్లు. వాళ్ల మురికి మనం కడగడమేంటి?"

"చదివేవాళ్లకు వాళ్ల పేపరా మన పేపరా అని ఉండదండీ. 'పేపర్లో వచ్చింది' అంటారు, అంతే. ఆ పేపర్లో మనమూ ఉన్నాం."

"ఎక్కడో లోపల సింగిల్ కాలం వేస్తాను."

"కుదరదండీ. వాళ్లు పైన వేశారు. పైన వెయ్యకపోతే వాళ్ల వార్త చూసిన కళ్లు దీన్ని చూడవు."

వాదన చాలాసేపు నడిచింది. ఒక దశలో ఆయన పైవాళ్లతో మాట్లాడి చెబుతానన్నాడు. నేను ఎస్టీడీ బూతులోంచి కదలకుండా కూర్చున్నాను. ఎట్టకేలకు ఫోన్ మోగింది. "వేస్తున్నాం. ఇంక ఇంటికెళ్లి అన్నం తిను," అన్నాడు. మర్నాడు జిల్లా పేజీలో పైభాగాన వచ్చింది. హెడ్డింగ్: 'నేను దారి మాత్రమే చూపాను'.

అన్న కూడా తన వార్త పంపాడు. వాళ్ల ఆఫీసు ససేమిరా అంది. తప్పు ఒప్పుకుంటే పత్రిక పరువు పోతుందట. ఆయన పట్టు వదల్లేదు. అది వచ్చేదాకా ఇంకే వార్తా పంపనని మొండికేశాడు. చివరికి వేశారు, టెండరు ప్రకటనల కింద, కళ్లద్దాలు పెట్టుకున్నా వెతుక్కోవాల్సినంత చిన్నగా. ఆ తర్వాత ఆయన్ని భద్రాచలం నుంచి తీసి ములకలపల్లి వైపు పంపించారు. వెళ్లేముందు టీ కొట్టుకి వచ్చి, "ఆడ గూడ అడివే గద చెల్లే, నాకేం కొత్త?" అన్నాడు. 

ఆ గూడెం నుంచి ఏ కబురు వస్తుందోనని మేం ఎదురుచూసిన రోజులు నాకిప్పటికీ గుర్తు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. చివరికి కబురు ఊరి పెద్ద నోటితోనే తెలిసింది. ఏదో పనిమీద భద్రాచలం వచ్చి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు.

దళం ఆ యువకుణ్ని అడవిలోకి రమ్మని కబురు పెట్టిందట. అతనొక్కణ్నే పంపకుండా ఊరు ఊరంతా వెంట వెళ్లింది. ముసలివాళ్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు, అందరూ. అక్కడ అతను మాకు చెప్పిన మాటే చెప్పాడు. "పోలీసోళ్లకు దారి చూపుతవా?" అని అడిగారట. "మీకు గూడ చూపిన గదా?" అన్నాడట. పొద్దుగూకే దాకా కూర్చోబెట్టి, హెచ్చరించి, పంపేశారు.

"మీరు రాసింది గూడ వాళ్లు చదివిన్రు," అన్నాడు పెద్దాయన. "చదివి, అవునా అని మమ్ముల అడిగిన్రు. అవ్ అన్నం."

ఆ వార్త ఒక ప్రాణం కాపాడిందని నేను ఎక్కడా చెప్పుకోలేదు. కాపాడింది ఆ ఊరు. వెంట నడిచినవాళ్లు. మేం రాయకపోయినా వాళ్లు వెళ్లేవాళ్లేమో. కానీ ఆ మనిషిని ఆ అడవిలో దోషిలా నిలబెట్టింది మాత్రం పెద్ద పత్రికలో వచ్చిన ఆ మొదటి వార్తే. అందులో ఒక్క అబద్ధం కూడా కావాలని రాసింది లేదు. మీకు పుస్తకాల్లో నేర్పే నియమాలన్నీ మంచివే, పాటించండి. పాటించాక కూడా, ఈ వాక్యం ఎవరి గుమ్మంలోకి వెళుతుందో, అక్కడ ఏం చేస్తుందో ఒకసారి ఊహించుకోండి. అది ఏ నియమావళీ మీ బదులు చెయ్యదు.

ఆ తర్వాత భద్రాచలంలో ఏ ప్రెస్‌మీట్‌లో ఎవరి పేరు వినపడినా ఎవరో ఒకరు "ఆయనకు తెలుసా సార్?" అని అడగడం అలవాటైంది. నేనక్కడ ఉన్నంతకాలం ఆ అలవాటు పోలేదు. కొత్తగా వచ్చిన కుర్ర రిపోర్టర్లు నా వెనక నన్ను 'ఆయనకు తెలుసా మేడం' అని పిలుచుకునేవారని చాలా ఆలస్యంగా తెలిసింది. అవార్డులు రాలేదు గానీ అది వచ్చింది.

కొన్నేళ్లకు బదిలీ అయి ఖమ్మం వెళ్లిపోయాను. ఒకసారి పనిమీద దుమ్ముగూడెం వచ్చి సంతలో నడుస్తుంటే చింతపండు కుప్ప వెనకనుంచి "అక్కా!" అని కేక వినపడింది. ఆమె. పక్కన కాస్త ఒళ్లు చేసిన ఆ యువకుడు. వాళ్ల పిల్ల బడి చొక్కా వేసుకుని చింతగింజలతో ఆడుకుంటోంది. నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎద్దు ఆ తర్వాత రెండోరోజే తనంతట తను ఇంటికొచ్చేసిందని చెప్పి ఆమె పడీపడీ నవ్వింది.

లేవబోతుంటే అతను ఆపాడు.

"ఇంక రాస్తనే ఉన్నవా అక్కా?"

"రాస్తూనే ఉన్నాను."

"ఎప్పుడన్న ఈ ముచ్చట చెప్తె నా పేరు చెప్పకు."

నేను ఆశ్చర్యపోయాను. "ఆ రోజు నువ్వే రాయమన్నావు కదా?"

"అప్పుడు అవుసరముండె. ఇప్పుడేం అవుసరం?" అని, నేను తీసుకున్న చింతపండు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

చెప్పనని మాటిచ్చాను.